చేయని తప్పుకు నింద మోసేటప్పుడు: కుమార్తెకు తండ్రి ఉత్తరం

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున ఆశీర్వాదములు.

పనిచేసే చోట ఇతరులు చేసిన తప్పును నీ మీద మోపారనీ, నిజం తెలిసినవారు సైతం నోరు మెదపలేదనీ, మోకాళ్ళూనినా ప్రార్థనలో మాట రావడం లేదనీ రాశావు. విశ్వాసంతో నడుచుకున్నందుకు దక్కింది ఇదేనా అని కూడా అడిగావు. ఆ ప్రశ్న అడిగినందుకు నువ్వు సిగ్గుపడనక్కర లేదమ్మా. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలమని దేవుణ్ణి నిలదీస్తూనే మొదలుపెట్టాడు. 88వ కీర్తనలోనైతే ఊరట అన్నది కనబడకుండానే, చీకటి అన్న మాట దగ్గరే ప్రార్థన ఆగిపోతుంది. అయినా దేవుని ప్రజలు ఆ కీర్తనను ఆరాధన గ్రంథంలో నుండి తీసివేయలేదు. మాటలు రానినాడు వాటిని నీ ప్రార్థనగా చదువుకో.

పేతురు మొదటి పత్రిక రెండవ అధ్యాయాన్ని నువ్వు ఎరుగుదువు. తప్పు చేసి దెబ్బలు తిని ఓర్చుకుంటే అందులో ఘనత ఏముంది, మేలు చేసి బాధపడుతూ ఓర్చుకుంటే అది దేవునికి హితమని అపొస్తలుడు అక్కడ రాశాడు. అందుచేత మనం మొదట చేయవలసింది ఏమిటంటే, ఈ వ్యవహారంలో మన వైపు నుండి నిజంగా లోపం ఏదైనా ఉందా అని దేవుని ఎదుట నిజాయితీగా చూసుకోవడం. నువ్వు ఆ పని చేశానని రాశావు. నీ మాట నేను నమ్ముతున్నాను, కాబట్టి దాని గురించి ఇంతకంటే పొడిగించను.

ఆ పత్రిక ఎవరికి వెళ్ళిందో గుర్తు తెచ్చుకో. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాలలో చెదరి ఉన్న విశ్వాసులకు. ఆ తరువాతి కాలంలో, సుమారు 112వ సంవత్సరంలో, అదే బితూనియ పొంతు ప్రాంతానికి అధిపతిగా ఉన్న ప్లినీ అనే రోమీయుడు ట్రాజన్ చక్రవర్తికి ఒక లేఖ రాశాడు. క్రైస్తవులను ఆ పేరు పెట్టుకున్నందుకే శిక్షించాలా, లేక నేరం ఏదైనా రుజువైతేనే శిక్షించాలా అన్నది అతని సందేహాలలో ఒకటి. వారు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడుకుంటారనీ, దొంగతనం గానీ వ్యభిచారం గానీ చేయబోమనీ, ఆడిన మాట తప్పబోమనీ, తమ దగ్గర దాచుకున్న సొత్తును అడిగినప్పుడు లేదనబోమనీ ప్రమాణం చేసుకుంటారనీ అతడే తెలుసుకుని రాశాడు. సంఘ పరిచారకులైన ఇద్దరు దాసీలను హింసించి విచారించినా మితిమీరిన మూఢనమ్మకం తప్ప మరేమీ బయటపడలేదన్నాడు. అయినా, మూడుసార్లు అడిగిన తరువాత కూడా తాము క్రైస్తవులమేనని నిలబడినవారికి అతడు మరణశిక్ష వేయించాడు.

ఈ సంగతి రాయడంలో నా ఉద్దేశం నీ బాధను వారి బాధతో పోల్చి చిన్నది చేయడం కాదు. వారి ప్రమాణంలో ఏమున్నదో చూడమంటున్నాను. హింసను ఎలా ఎదుర్కోవాలో అందులో లేదు. ఇరుగుపొరుగుతో, ఇచ్చిపుచ్చుకోవడంలో, కుటుంబంలో నమ్మకంగా ఉండడమే ఉంది. విచారణ ఎదుట నిలబడగలిగిన ఓర్పు అధిపతి పిలిపించిన రోజున పుట్టినది కాదు, లేఖలో కనబడే ఆ మామూలు జీవితంలోనే అది తయారైంది. ప్రభువు చెప్పిన ఇద్దరు ఇల్లు కట్టిన మనుషుల ఉపమానాన్ని ఇలాగే అర్థం చేసుకుంటాను. వాన, వరద, గాలి ఇద్దరి ఇంటి మీదికీ వచ్చాయి; బండ మీద కట్టినది నిలిచింది, ఇసుక మీద కట్టినది కూలింది. ఆయన మాటలు ఇద్దరూ విన్నారు. తేడా అల్లా విన్నదాని చొప్పున చేయడంలో ఉంది. నీ మీద నింద పడకముందు నువ్వు ఎవరూ చూడని చోట లెక్క సరిగా రాసిన ప్రతిసారీ, చిన్న అబద్ధంతో తప్పించుకోగలిగినా నిజమే చెప్పిన ప్రతిసారీ కట్టుకుంటూ వచ్చినది వృథా కాలేదు. ఇప్పుడు కూడా వాక్యం చదవడం, సంఘంతో కూడుకోవడం, పని శ్రద్ధగా చేయడం ఆపవద్దు. మనసు లేకపోయినా ఆపవద్దు.

సహించడమంటే నోరు మూసుకోవడమని నీకు ఎవరైనా చెబితే ఒప్పుకోకు. ఈ ఒక్క విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, ఎందుకంటే పేతురు పత్రికలోని ఆ భాగాన్నే అడ్డం పెట్టుకుని, ఇంట్లో దెబ్బలు తినే స్త్రీలకు సైతం ఓర్చుకొమ్మని బోధించేవారు ఉన్నారు. పేతురు అక్కడ మాట్లాడుతున్నది న్యాయస్థానపు గడప ఎక్కలేని దాసులతో. తమకు ఏ దారీ లేనప్పుడు కూడా వారి బాధ దేవుని దృష్టిలో పడుతుందని అతడు వారికి ధైర్యం చెబుతున్నాడు. కొట్టేవారికి అనుమతి ఇవ్వడం లేదు. దారి ఉన్నచోట అపొస్తలుడైన పౌలు దానిని వాడుకున్నాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి చెరసాలలో వేసినవారు మర్నాడు రహస్యంగా పంపివేయబోతే, రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించినవారు వారే వచ్చి వెలుపలికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. బదులు దూషించని మన ప్రభువే, ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు, నేను మాట్లాడినదానిలో తప్పేమిటో చెప్పు, తప్పు లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. పగ తీర్చుకోవడం వేరు, నిజం చెప్పడం వేరు. ఆయన మొదటిది చేయలేదు, రెండవది మానలేదు. తీర్పును మాత్రం న్యాయంగా తీర్పు తీర్చే దేవుని చేతిలో విడిచిపెట్టాడు.

యోసేపు కూడా అంతే. చేయని తప్పుకు చెరసాల పాలైన అతడు, తాను నిర్దోషినని తనతోపాటు అక్కడ ఉన్న పానదాయకుల అధిపతితో, అంటే రాజుకు పానపాత్ర అందించే అధికారితో చెప్పి, ఫరో దగ్గర తన మాట ఎత్తమని కోరాడు. మనిషిని ఆశ్రయించడం అతని అవిశ్వాసమని కొందరు ప్రసంగిస్తారు గానీ ఆదికాండములో ఆ మాట నాకు కనబడలేదు. ఆ అధిపతి మరచిపోయాడు, మరి రెండు సంవత్సరాలు గడిచాయి. యజమాని పోతీఫరు ఇంట యెహోవా అతనికి తోడై ఉన్నాడని రాసిన గ్రంథమే చెరసాలలోనూ ఆయన తోడై ఉన్నాడని రాసింది. పదిహేడేళ్ళ వయసులో మొదలైన ఆ కథలో అతడు ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై ఏళ్ళవాడు. చివరకు తనను అమ్మివేసిన అన్నలను క్షమించినప్పుడు సైతం వారు చేసినది కీడు కాదని అనలేదు; మీరు నాకు కీడు చేయ తలచారని ముఖాముఖి చెప్పాకే, దేవుడు దానిని మేలుకు తిప్పాడన్నాడు. కాబట్టి క్షమించాలంటే జరిగినది ఏమీ లేదని నువ్వు నటించనవసరం లేదు.

నీలో దాగిన పాపం ఏదో ఉండబట్టే ఇలా జరిగిందని నీకు చెప్పినవారి మాట పట్టించుకోకు. నిర్దోషియై శ్రమపడిన యోబుతో అతని స్నేహితులు అదే చెప్పారు, వారు తన గురించి యుక్తమైనది పలకలేదని యెహోవా వారి మీద కోపించాడు. నీకు అలా చెప్పిన మనిషితో వాదం పెట్టుకోవద్దు, పలకరింపు మానవద్దు.

ఇక పని సంగతి. జరిగినదంతా తేదీల వారీగా, విశేషణాలు లేకుండా, నీ దగ్గర ఉన్న కాగితాల ఆధారంతో రాసిపెట్టు. నీకు తెలియని చోట ఎవరి ఉద్దేశాన్నీ ఊహించి రాయవద్దు. పై అధికారికి ఇచ్చే ముందు నాకు పంపితే నేనూ మీ అమ్మా చదివి చెబుతాము. విచారణ నీకు అనుకూలంగా ముగుస్తుందని నేను మాట ఇవ్వలేను. ప్రతికూలంగా ముగిస్తే తరువాత ఏమి చేయాలో అప్పుడు ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం. నీ మీద నింద వేసిన ఆమె కోసం నేను పేరు పెట్టి ప్రార్థించడం మొదలుపెట్టాను. నీకు వీలైననాడు నువ్వూ మొదలుపెట్టు, తొందర లేదు.

ఇట్లు,
ప్రభువునందు నిన్ను ప్రేమించే
నాన్న