ఫిల్మ్ క్లబ్ వార్షిక నివేదిక: రెండు నిమిషాల ఓపెనింగ్‌కి ఏడాది పట్టింది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని రూల్ ఉంది కాబట్టి రాస్తున్నా. రూల్ లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే, చెప్పుకోడానికి ఒకటుంది మరి. క్లబ్ ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వారం వారం సినిమా చూసి మాట్లాడుకోడం నడిచింది, పరీక్షలప్పుడు ఆగింది, మళ్ళీ నడిచింది. స్క్రిప్ట్ మీద రెండు వర్క్‌షాపులు, ఎడిటింగ్ మీద ఒకటి అయ్యాయి. లైటింగ్ మీద పెట్టింది మాత్రం వస్తానన్న పెద్దాయన రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు, మేం కుర్చీలు వేసుకుని మళ్ళీ మేమే తీసుకున్నాం. ఇవన్నీ మినిట్స్ బుక్‌లో ఉన్నాయి, ఓపికున్నవాళ్ళు చూసుకోండి.

నేను చెప్పాలనుకుంటున్నది మన థ్రిల్లర్ ఓపెనింగ్ గురించి. చాలామంది ఇప్పటికీ "మిగతా సినిమా ఎప్పుడు తీస్తారు" అని అడుగుతున్నారు కాబట్టి ఇంకోసారి చెప్తున్నా, మిగతా సినిమా లేదు. ఒక థ్రిల్లర్ సినిమా మొదలైతే మొదటి రెండు నిమిషాలు ఎలా ఉంటాయో, టైటిల్స్‌తో సహా, అంతవరకే తీయాలన్నది మనం పెట్టుకున్న పని. రెండు నిమిషాలే కదా ఒక ఆదివారం సరిపోతుంది అని మొదటి మీటింగులో అన్నది నేనే. సెకనుకి 25 ఫ్రేములు (అంటే విడి బొమ్మలు), 120 సెకన్లు, అంటే 3000 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమూ మనల్ని ఏడిపించింది.

మొదటి వెర్షన్ సంగతి దాచిపెట్టడం ఎందుకు, అందరూ చూశారు. హుడీ వేసుకున్న మనిషి, కారిడార్‌లో పరుగు, చేతిలో కత్తి, అమ్మాయి కెవ్వున అరవడం, అలారం మోగడం, అంతా కల. నిడివి 3 నిమిషాల 40 సెకన్లు. టైటిల్స్‌కి ఎర్ర రంగు, కింద రక్తం కారే ఫాంట్. ఆ ఫాంట్ వెతకడానికి ఒక పూట పట్టింది, స్టోరీబోర్డ్‌కి, అదే షాట్లన్నీ ముందే బొమ్మలుగా గీసుకోడానికి, అందులో సగం టైమ్ కూడా ఇవ్వలేదు. చూపించాక పేపర్లు పంచి అభిప్రాయాలు రాయమన్నాం. "ఎవరు ఎవర్ని తరుముతున్నారు", "ఎందుకు పరిగెడుతున్నారు", "మ్యూజిక్ బాగుంది". ఒకరైతే "కామెడీ బాగా వచ్చింది" అని రాశారు, పేరు రాయలేదు గానీ చేతిరాత నాకు తెలుసు.

అక్కడితో వదిలేద్దామన్నారు కొందరు. అప్పుడే ఫస్ట్ ఇయర్ నుంచి కొత్తగా చేరిన ఒకమ్మాయి లేచి బల్ల కింద బాంబు సంగతి చెప్పింది. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫో చేసిన ఇంటర్వ్యూల్లో సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిందే అది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు, అదే బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి ఆ ఇద్దరికీ చెప్పకపోతే 15 నిమిషాలు కుర్చీ అంచున కూర్చుంటాడు. మాలో సగం మందికి ఇది తెలుసు, ఏదో డిస్కషన్‌లో మేమే గొప్పగా చెప్పినవాళ్ళం కూడా. తీసేటప్పుడు మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు. మేం చేసిందల్లా ప్రేక్షకుడి దగ్గర అన్నీ దాచేసి ఆఖర్లో డబ్ మని సౌండ్ పెట్టడం.

కథ మార్చాం. రాత్రి లైబ్రరీ, మూసే టైమ్, ఒక అమ్మాయి మాత్రం మిగిలిపోయింది. మొదటి షాట్‌లోనే గేటు దగ్గర రిజిస్టర్, ఎవరిదో చెయ్యి ఆ అమ్మాయి పేరుకి ఎదురుగా ఔట్ టైమ్ 9:10 అని రాసి ఆ అమ్మాయి సంతకమే పెడుతుంది. గోడ మీద గడియారం 9:08. తర్వాత అంతా ఆ అమ్మాయి తాపీగా పుస్తకాలు సర్దుకోడమే. పెన్ను మూత వెతుక్కుంటుంది, మూత దొరకదు, మళ్ళీ కూర్చుంటుంది. కత్తి లేదు, హుడీ లేదు, పరుగు లేదు. గడియారం 9:10 కొట్టేసరికి లైట్లు ఆరిపోయి టైటిల్ పడుతుంది, 'ఔట్ టైమ్' అని. తెర మీద రెండు నిమిషాలు, గడియారంలోనూ రెండు నిమిషాలు. ఐడియా ఎవరిదన్న దానిమీద ఇప్పటికీ గొడవ ఉంది, ముగ్గురు తమదే అంటున్నారు, క్రెడిట్స్‌లో ముగ్గురి పేర్లూ వేసేశాం, ఇక దాని గురించి నన్ను అడగొద్దు.

పర్మిషన్ గురించి రెండు మాటలు. లైబ్రరీలో సాయంత్రం తర్వాత షూటింగ్ అని లెటర్ పెట్టాం. ఆ లెటర్ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్ళింది, అక్కడినుంచి వెనక్కి వచ్చింది, "ఏం సినిమా" అని రాసుంది. థ్రిల్లర్ అని రాస్తే "అంటే ఏమిటి" అని మళ్ళీ వచ్చింది. సంతకం పెట్టాల్సినాయన పేరు రాయను, ఆయన ఇవాళ సమావేశానికి వస్తానన్నారు. మొత్తానికి ఇచ్చారు, అందుకు ధన్యవాదాలు కూడా చెప్తున్నాం. కానీ రెండు రాత్రులు అడిగితే ఒక్క రాత్రి ఇచ్చారు, దాంతో తర్వాత ఏమైందో చూడండి.

ఆ రాత్రికి రావాల్సిన యూనిట్ 14 మంది. ఎవరు ఎన్నింటికి రావాలో రాసిన కాల్ షీట్ గ్రూపులో పెట్టాను, 14 మందీ బొటనవేలు చూపించారు. వచ్చింది ఆరుగురు, అందులో ఒకరు హీరోయిన్ తమ్ముడు, అక్కని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి బూమ్ (మైక్ కట్టిన పొడుగు కర్ర) పట్టుకుని తెల్లారేదాకా ఉండిపోయాడు. క్లబ్ మెంబర్ కూడా కాదు. మెంబర్లు ఎక్కడున్నారని నేను అడగట్లేదు, కానీ మరుసటి వారం చూస్తే మన హాజరు పుస్తకంలో ఆ తేదీకి 11 సంతకాలు ఉన్నాయి. మిగతావాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు వెళ్ళారో! మన కథ అంత దూరం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది.

ట్యూబ్‌లైట్ల దగ్గర మొదటి దెబ్బ తగిలింది. సినిమా లుక్ రావాలని కెమెరాలో సెకనుకి 24 ఫ్రేములు పెట్టి షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే టైమ్, సెకనులో 1/60 వంతు పెట్టారు మావాళ్ళు. మానిటర్‌లో చూస్తే గోడ మీద నల్ల పట్టీలు పాకుతున్నాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబ్‌లైట్ సెకనుకి వంద సార్లు మినుకుతుంది, షట్టర్ దానితో కలవకపోతే ఆ పట్టీలు తప్పవు. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టాక పోయాయి. ఇది కనిపెట్టేసరికి గంటన్నర పోయింది, అప్పటిదాకా ట్యూబ్‌లైట్లే పాడయ్యాయని మార్చుతూ కూర్చున్నాం.

గడియారం ఇంకో కథ. తెర మీద రెండు నిమిషాలే గానీ తీసేది ఏడు గంటలు, గోడ గడియారం దాని పని అది చేసుకుపోతుంది కదా. రష్ (తీసింది తీసినట్టు) చూసుకుంటే ఒక షాట్‌లో 9:09, పక్క షాట్‌లో 10:40. బ్యాటరీ పీకేసి ప్రతి షాట్‌కి ముల్లు చేత్తో తిప్పడానికి ఒక మనిషిని పెట్టాం. ఆ మనిషి మన ట్రెజరర్. స్టూల్ ఎక్కి దిగి ఎక్కి దిగి మోకాళ్ళు పట్టేశాయి పాపం, ఆయన లెక్కల్లో చిన్న చిన్న తేడాలుంటే దయచేసి క్షమించండి. రిజిస్టర్ పేజీ కూడా అంతే, టేక్ టేక్‌కీ రాసిన పేజీ మళ్ళీ ఖాళీ కావాలి, పై పేర్లన్నీ అదే చేతిరాతలో ఉండాలి. ఒకే పేజీని తొమ్మిది కాపీలు రాసిన చెల్లెమ్మకి క్లబ్ తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు. ఏడో కాపీలో ఒక పేరు తప్పు పడింది, తెలిసినవాళ్ళు చూస్తే దొరుకుతుంది, చెప్పకండి.

ఇక కార్డు సంగతి. దీని మీద రకరకాలుగా అనుకుంటున్నారు కాబట్టి రికార్డు కోసం రాస్తున్నా. మెమరీ కార్డు నిండింది, రెండో కార్డు అనుకుని దాన్నే ఫార్మాట్ చేశారు. 14 షాట్లు పోయాయి. చేసింది ఎవరని అడగొద్దు, ఆ రాత్రి అందరం నిద్రలో ఉన్నాం, చేసినతను అరగంట బయట మెట్ల మీద కూర్చుని లోపలికి రాలేదు. ఇంకో రాత్రి పర్మిషన్ లేదు. కాబట్టి తెల్లారేలోగా వాటిలో ఎన్ని దొరికితే అన్ని తీశాం, తొమ్మిది అయ్యాయి. ఇప్పుడు రూల్ ఏంటంటే రెండు చోట్ల కాపీ పడి, రెండూ ఓపెన్ చేసి చూసేదాకా కార్డు కెమెరాలోకి వెళ్ళదు. నిండిన కార్డుకి ఎర్ర టేపు.

తీయలేకపోయిన ఐదు షాట్లలో హీరోయిన్ భయపడే క్లోజప్ కూడా ఉంది. ఏడ్చినంత పనైంది. తీరా ఎడిట్‌లో కూర్చుంటే అది లేకపోవడమే మేలైంది. కులెషోవ్ అని 1920ల నాటి సోవియట్ దర్శకుడి ప్రయోగం ఒకటి వర్క్‌షాపులో చెప్పుకున్నాం గుర్తుందా, ఏ భావమూ లేని ఒకే ముఖం పక్కన సూప్ గిన్నె పెడితే ఆకలిలాగా, శవపేటిక పెడితే దుఃఖంలాగా జనానికి కనిపించిందని. మన దగ్గరా అదే జరిగింది. ఆ అమ్మాయి పెన్ను మూత కోసం ఊరికే చూస్తున్న ముఖం ఉంది, దాని ముందు రిజిస్టర్ షాట్ అతికిస్తే ఏదో తెలిసిపోయినట్టు అనిపిస్తోంది. నటించమని చెప్పి ఉంటే చెడగొట్టేవాళ్ళం. మొత్తం 31 షాట్లు మిగిలాయి, స్టోరీబోర్డ్‌లో వేసుకున్నవి 52.

ఎడిటింగ్ ఇద్దరే చేశారు. సౌండ్ ఒక్కడే. సౌండ్ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతా. లొకేషన్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేయించాడు, అప్పుడు తిట్టుకున్నాం, కట్‌కి కట్‌కి మధ్య ఆ చప్పుడు పరిస్తేనే గది ఒకటే గదిలా అనిపిస్తుందని తర్వాత తెలిసింది. పెన్ను కాయితం మీద గీసే చప్పుడు మైక్ దగ్గరగా పెట్టి రాత్రి తన గదిలో దుప్పటి కప్పుకుని విడిగా చేసుకున్నాడు, ఫోలీ అంటారు దీన్ని, యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద వచ్చింది. మొదటి వెర్షన్‌లో మొదట్నించి చివరిదాకా మ్యూజిక్ ఉండేది. ఇప్పుడు మ్యూజిక్ లేదు, ఫ్యాన్ చప్పుడు ఉంది, 9:10కి 12 సెకన్ల ముందు అదీ ఆగిపోతుంది. రక్తం ఫాంట్ తీసేసి చిన్న తెల్ల అక్షరాలు వేశాం, డైరెక్టర్ పేరు చివర్న.

చూపించిన రోజు గురించి చెప్పి ముగిస్తా. హాలు నిండింది, వెనక నిలబడ్డారు కూడా. మొదటి వెర్షన్ వేశాం కావాలనే, నవ్వారు, మేమూ నవ్వాం. తర్వాత ఇది. అమ్మాయి బ్యాగు వేసుకుని లేచి, మూత గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంటుందే, అక్కడ హాల్లో ఎవరో పెద్దావిడ "మూత పోతే పోయింది, వెళ్ళవే తల్లీ" అని పైకే అనేశారు. ఎవరూ నవ్వలేదు. నేను తెర చూడట్లేదు, జనాన్ని చూస్తున్నా, ఫోన్ వెలుగు ఒక్కటి లేదు. ఈసారి పేపర్లలో "ఎవరు ఎవర్ని తరుముతున్నారు" అని ఒక్కరూ రాయలేదు, "ఆ చెయ్యి ఎవరిది" అని చాలామంది రాశారు. నెగటివ్ కూడా చెప్పాలి కదా, మధ్యలో ఒకచోట కెమెరా గీత దాటేసింది, అంటే సీనంతా ఒకే పక్కన ఉండాల్సింది అవతలి పక్కకి వెళ్ళిపోయింది, అమ్మాయి ఎడమ నుంచి కుడికి చూస్తున్నదల్లా అకస్మాత్తుగా అటు తిరిగినట్టుంటుంది, ఇద్దరు పట్టేశారు. పోయిన 14 షాట్లలో ఒకటి దానికి మందు.

లెక్కలు: షీట్ చివర అతికించాం, ఆడిట్ అయింది, చందాలు బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదవట్లేదు, వాళ్ళకే తెలుసు. దీపం కోసం తెచ్చిన అద్దె లైటు ఒకటి పగిలింది, అది కూడా రాసే ఉంది.

కృతజ్ఞతలు: రాత్రంతా తాళాలు పట్టుకుని మాతో కూర్చున్న లైబ్రరీ వాచ్‌మన్ అన్నకి (రిజిస్టర్‌లో రాసే చెయ్యి ఆయనదే, అడుగుతున్నవాళ్ళందరికీ జవాబు), కెమెరా అప్పిచ్చిన సీనియర్ అక్కకి, టీచర్లకి, తమ్ముడికి, వాడి అక్కకి, తొమ్మిది కాపీల చెల్లెమ్మకి, ఎడిటర్లిద్దరికీ, దుప్పటి సౌండ్ ఇంజనీర్‌కి, వచ్చి చూసిన అందరికీ.

క్లబ్ ట్రైపాడ్‌కి కెమెరా బిగించే ప్లేట్ ఒకటి కనిపించట్లేదు, ఎవరి బ్యాగులోనన్నా ఉంటే చూడండి, అది లేకపోతే ట్రైపాడ్ ఉత్త కర్రే. వచ్చే ఏడాది కార్యదర్శి పోస్టుకి ఇప్పటిదాకా ఒక్క నామినేషనూ రాలేదు. ఇప్పుడు హాజరు పుస్తకం తిప్పుతాం, ఎవరి సంతకం వాళ్ళే పెట్టండి.