కోర్టు బయట టైపు కొట్టే పెద్దాయనకు దండం పెట్టి రాస్తున్నాను

అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం ఆర్డర్ కాపీ చేతికొచ్చింది. నన్ను కేసులోంచి డిశ్చార్జ్ చేశారు, అంటే విచారణ దాకా పోకుండానే నా పేరు తీసేశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు, సంతోషమో అలసటో నాకే తెలియదు, పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

నా సంగతి చాలామందికి సగమే తెలుసు. 2024 మేడారం జాతరకు ముందు, రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్ములు అమ్మే పిల్లగాడి దగ్గర ఒక సిమ్ తీసుకున్నాను. "వేలిముద్ర పడలేదక్కా, ఇంకోసారి పెట్టు" అన్నాడు, పెట్టాను. ఆ రెండో ముద్రతో నా పేరు మీద ఇంకో సిమ్ లేచింది. ఆ సిమ్‌తో ఎక్కడో వేరే ఊరిలో బ్యాంకు ఖాతా లేచింది. షేర్ల పేరు చెప్పి ఒక రిటైర్డ్ సారును మోసం చేసినవాళ్లు ఆయన డబ్బులో 1,86,000 అందులో వేయించుకుని అదే రోజు ఏటీఎంలలో తీసేశారు. జూన్‌లో మా ఇంటికి 41ఏ నోటీసు, అంటే స్టేషన్‌కు రమ్మని పోలీసుల నోటీసు, వచ్చింది. కాజీపేటలో బ్లౌజులు కుట్టుకునే నేను ఏ2, అంటే రెండో నిందితురాలిని, అయ్యాను. మోసానికి పెట్టే ఐపీసీ 420, ఐటీ చట్టం 66సి, ఇంకొకరిలా నటించి కంప్యూటర్, ఫోన్లతో మోసం చేస్తే పెట్టే 66డి. ఇంకొకరి సంతకాన్నో, పాస్‌వర్డ్‌నో, గుర్తింపునో మోసంతో వాడుకుంటే 66సి పెడతారట, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దొంగలు ఎత్తుకుపోయింది నా పేరు. నా తరఫున ఉండాల్సిన సెక్షన్ నా మీదే పెట్టారు.

ఛార్జిషీటు పడ్డాక అందరిదీ ఒకటే మాట, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకో, పీడ పోతుంది అని. ఈ సెక్షన్లు కోర్టు ఒప్పుకుంటే రాజీకి వచ్చేవేనట. ఎంతోకొంత కట్టాలి, డబ్బు పోయిన మనిషి సరే అనాలి, కేసు అక్కడితో తెగిపోతుంది. 60,000కు మాట కుదిరింది. గొలుసు కుదువ పెట్టి డబ్బు తెచ్చి, రాజీ కాగితం టైపు చేయించడానికి హనుమకొండ కోర్టు బయట మిషన్ పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన సగం పేజీ కొట్టి ఆగాడు. పేర్లు సరిచూసుకోవడానికి నా ఛార్జిషీటు కాపీలు తిరగేస్తున్నాడు. అందులోంచి రెండు కాగితాలు తీసి మిషన్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఖాతా తెరిచిన ఫారం, ఇంకోటి నేను అందుకున్న నోటీసు. ఫారం మీద ఇంగ్లిష్‌లో గొలుసుకట్టు సంతకం, కింద ఒక గీత. నోటీసు మీద తెలుగులో, గుండ్రంగా, ఐదో తరగతి పిల్ల రాసినట్టు నా సంతకం. నాకు వేరే సంతకం రాదు. "ఇది నీదేనా బిడ్డా?" అన్నాడు. కాదు బాపూ అన్నాను. "మరి పైసలెందుకు కడుతున్నవ్? చేసినోళ్లు రాజీ పడాలె. నువ్వెందుకు పడాలె?"

ఏడాది నుంచి ఎంత కడతావు, ఎప్పుడు కడతావు అన్నవాళ్లే గానీ ఎందుకు కడుతున్నావని ఒక్కరూ అడగలేదు. అక్కడే, అంతమంది మధ్య, చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు. మిషన్‌లోంచి ఆ కాగితం లాగి, మడిచి నా చేతిలో పెట్టి "వెనక తెల్లగనే ఉంది, పిల్లలు లెక్కలు చేసుకుంటరు" అన్నాడు. బేరాలొచ్చే వేళ మిషన్ మీద గుడ్డ కప్పి, మోకాలు పట్టుకుని నడుస్తూ నన్ను న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారని, 1987లోనే ఆ చట్టం చేశారని ఆయన చెబితేనే తెలిసింది. కొట్టిన సగం పేజీకి కూడా పైసలు తీసుకోలేదు.

వకీలు మేడం ఛార్జీలు ఖరారు కాకముందే డిశ్చార్జ్ పిటిషన్ వేశారు. బయటి నుంచి ఏ కాగితమూ తేలేదు, పోలీసులు పెట్టిన కాగితాల్లోనే రెండు సంతకాలు, పది నిమిషాల తేడాతో ఒకే చోట లేచిన రెండు సిమ్ములు చూపించారు. జడ్జి గారు ఆ రెండు సంతకాలు తిప్పి తిప్పి చూశారు. ఏ1 మీద కేసు ఇంకా నడుస్తోంది.

ఒక్కటి మాత్రం కడుపు మండి అడుగుతున్నాను. ఒక పెద్దాయన రెండు నిమిషాల్లో చూసిన తేడాను ఖాతా తెరిచిన బ్యాంకు ఎందుకు చూడలేదు? నన్ను మూడుసార్లు స్టేషన్‌కు పిలిపించి, తమ ముందే నాతో తెలుగులో సంతకం పెట్టించుకున్న పోలీసులు ఎందుకు చూడలేదు? నా అసలు ఖాతా కూడా ఆపేస్తే మహిళా సంఘం కిస్తీ రెండు నెలలు తప్పింది, సంఘంలో తల దించుకుని కూర్చున్నాను. అది ఎవరు తిరిగిస్తారు? దయచేసి మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఇవాళే చూసుకోండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఉచిత వకీలు సాయం కావాలంటే 15100కి చేయండి.

మా ఆయన, మా తమ్ముడు వాయిదా వాయిదాకూ వచ్చారు. వాళ్లకు వేరే చెప్పాలా.

వకీలు మేడం, మీకు రెండు చేతులా దండం. పైన రెండు ముక్కల్లో రాసేశాను, మీరు చేసింది అంత చిన్నది కాదు.

అయ్యో, మా వీధి చివరి జిరాక్స్ తమ్ముడు, నలభై పేజీలకు డబ్బు తర్వాతిద్దువులే అక్కా అన్నాడు, ఇంకా ఇవ్వలేదు, ఈ వారం ఇస్తాను. వాయిదా రోజుల్లో మా చిన్నోడిని బడి నుంచి తెచ్చి అన్నం పెట్టిన పక్కింటి అక్క. స్టేషన్‌లో నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి నీళ్లిచ్చిన లేడీ కానిస్టేబుల్. డబ్బు పోయిన ఆ సారు కూడా, నిన్న కోర్టు మెట్ల మీద "నీ తప్పు లేదమ్మా" అన్నారు.

పెద్దాయన పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. ఆ సగం పేజీ వెనక మా చిన్నోడిని లెక్కలు చేయనివ్వలేదు బాపూ, ఆర్డర్ కాపీతో కలిపి బీరువాలో పెట్టుకున్నాను. గొలుసు విడిపించాక ఇద్దరం వచ్చి కలుస్తాం.