నాయిన కాళ్లకు కాపలా ఉన్నోళ్లందరికీ

మోకు తెగి తాటిచెట్టు మీదికెల్లి పడ్డ మా నాయిన, నాలుగు నెలల తర్వాత నిన్న ఇంటికొచ్చిండు. పేర్లు రాయొద్దన్నరు కాబట్టి రాస్తలేను. ఎవరి ముచ్చట వాళ్లకు తెలుస్తది.

కల్లు మండువ కాడి మామా, మేం కంగారుల చేతులూ కాళ్లూ పట్టి ఆటోల ఏయబోతుంటే అడ్డం పడి, తలుపు రెక్క ఊడబెరుక్కొచ్చింది నువ్వు. దాని మీద కదలకుండ పడుకోబెట్టి తీసుకపోయినం. పన్నెండో ఛాతీ వెన్నుపూస పగిలి, ఒక ముక్క ముందు దిక్కుకెల్లి వెన్నుపామును నొక్కుతుందన్నరు.

డాక్టర్ సార్ నాయినను కండ్లు మూసుకొమ్మని దూది, గుండుసూది మార్చి మార్చి పెట్టిండు. వెన్నుల 31 జతల నరాలుంటయట. అన్నదమ్ములు చెలక పంచుకున్నట్టు దాదాపు ప్రతి నరానికి ఒంటి మీద ఒక చెక్క. బొడ్డు కాడ ఒకటి, కాలి బొటనవేలికి ఒకటి, చిటికెన వేలికి ఇంకోటి. గెట్ల కాడ కొంచెం కలిసిపోతయి. గజ్జల కిందికి నాయిన దూది చెప్పిండు గని, సూది చెప్పలే. మలద్వారం కాడ స్పర్శ ఉందా అని చూసినప్పుడు సిగ్గుతోని మొఖం తిప్పుకున్నడు. అక్కడ తెలుస్తుందంటే దెబ్బ పూర్తిది కాదు, వెన్నుపాముల కొన్ని దారులు ఇంకా నడుస్తున్నయని సార్ చెప్పంగనే మా అమ్మ ఏడ్చింది.

ఇగ నా తప్పు. చెయ్యేస్తే తెలుస్తుంది కదా అని చల్లబడ్డ పాదాలకు వేడినీళ్ల సీసా పెట్టిన. నాయిన హాయిగ పండుకున్నడు, తెల్లారి చూస్తే బొబ్బలు. ఫిజియో మేడం నన్ను తిట్టలే, కాయితం మీద గీసి చూపించింది. తాకుడు తెలిపే దారి వెన్నుపాము వెనక భాగంల పోతదట. నొప్పి, వేడి తెలిపే దారి అవతలి పక్కకు దాటి ముందు భాగంల పోతది. నాయినకు నలిగింది ముందు భాగమే. మేడం, ఆ కాయితం ఇంకా మంచం పక్కన గోడకే ఉంది. ఇప్పుడు నీళ్లల్ల ముందు నా మోచెయ్యి పెట్టి చూస్తున్న.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పకుంటె పుండ్లు పడతయని, రాత్రుల్ల వంతులేసుకున్న దోస్తులకు ఏమియ్యగలను? నాలుగు నెలల్ల ఒక్క పుండు పడలే. పాదాలు మండుతున్నయి, చీమలు పాకుతున్నయి అని నాయిన రాత్రి మొత్తుకుంటడు, దానికి గోలీలు నడుస్తున్నయి.

మంచం అంచుకు కూసుంటున్నడు. ఆదివారం అందరు రావాలె అన్నడు. కల్లు మాత్రం మీరే తెచ్చుకోవాలట.