రెండు గంటల లోపు లేఓవర్లు ఇకపై మా లిస్టులో పైన ఉండవు

కస్టమర్లందరికీ నమస్కారం. మేం పంపే ఫ్లైట్ ఆప్షన్ల లిస్టులో చిన్న మార్పు చేస్తున్నాం. మీకు పరిచయం లేని విదేశీ ఎయిర్‌పోర్టులో విమానం మారాల్సి ఉంటే, ఒకే టికెట్ మీదైనా సరే, రెండు గంటలకు తక్కువ గ్యాప్ (లేఓవర్) ఉన్నవి లిస్టులో అడుగుకు వెళ్తాయి. అమెరికాలో దిగి అక్కణ్ణుంచి ఇంకో విమానం ఎక్కాలంటే మూడు గంటలు చూస్తాం. విడివిడి టికెట్లయితే కనీసం ఐదు.

దీంతో కొన్నిసార్లు చార్జీ ఎక్కువున్న ఆప్షనే పైన కనిపిస్తుంది. "నెట్‌లో ఇంతకంటే తక్కువకు, తొందరగా చేరేది ఉందిగా" అని మీరు అడుగుతారు. ఉంటుంది. అడిగితే మేమూ అదే బుక్ చేసి ఇస్తాం, కాకపోతే కింది లెక్క చూశాక.

ఒకే టికెట్‌లో రెండు విమానాలు కలపాలంటే సిస్టంలో 'మినిమం కనెక్టింగ్ టైం' అని ఒకటి ఉంటుంది. ఎయిర్‌పోర్టును బట్టి, టెర్మినల్‌ను బట్టి, ఎయిర్‌లైన్‌ను బట్టి అది మారుతుంది. కొన్నిచోట్ల ముప్పావుగంట కూడా ఉండదు. అంతకన్నా తక్కువ గ్యాప్ ఉంటే సిస్టం టికెట్ ఇవ్వదు. సిస్టం ఇచ్చిందంటే సరిపోతుందిలే అని ఇన్నాళ్లూ మేమూ ఇచ్చేశాం. అది మా పొరపాటే. మొదటి విమానం టైముకు వచ్చి, మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే సరిపోయే లెక్క అది. బోర్డులు చదువుకుంటూ, చంటిపిల్లతోనో వీల్‌చెయిర్‌లోనో వెళ్లేవాళ్ల కోసం వేసింది కాదు.

గంటన్నర గ్యాప్‌నే తీసుకోండి. దిగేది 10:00, ఎక్కేది 11:30. పది అంటే విమానం గేటు దగ్గరకొచ్చి ఆగే టైము. తలుపు తీసేసరికి 10:05. పెద్ద విమానంలో వెనక వరసల్లో ఉంటే బయటపడేది 10:25కి. ఏరోబ్రిడ్జి లేక బస్సు ఎక్కిస్తే ఇంకో పది పదిహేను నిమిషాలు పోతాయి. అటు 11:30 అంటే విమానం కదిలే టైము, గేటు మూసేది కాదు. చాలా ఎయిర్‌లైన్లు 15-20 నిమిషాల ముందే గేటు మూసేస్తాయి కాబట్టి 11:10 అనుకోండి. చేతిలో మిగిలింది ముప్పావుగంట, బస్సయితే అరగంట. సెక్యూరిటీ క్యూ, టెర్మినల్ మారడం, బాత్రూం, అన్నీ అందులోనే. మొదటి విమానం పాతిక నిమిషాలు లేటయిందా, ఇక ఆ విమానం మీద ఆశ వదులుకోవాల్సిందే.

క్యూల సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో మీరు మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్. తర్వాత బెల్టు దగ్గర లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లాలి. ట్యాగ్ మీద చివరి ఊరి పేరున్నా ఇది తప్పదు. కొద్ది రూట్లకే మినహాయింపు. అబుదాబి, డబ్లిన్‌ల నుంచి వెళ్లేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. దిగాక హాయి, కానీ ఆ క్యూ అబుదాబిలో నిలబడాలి కాబట్టి గ్యాప్ అక్కడ ఎక్కువ కావాలి.

యూరప్‌లో షెంగెన్ దేశానికి (తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న దేశాల్లో ఒకదానికి) వెళ్తుంటే ఇమిగ్రేషన్ జరిగేది మొదటి షెంగెన్ ఎయిర్‌పోర్టులో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి రోమ్ వెళ్తే పాస్‌పోర్ట్ తనిఖీ, ప్రశ్నలు అన్నీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. లగేజీ మాత్రం మామూలుగా రోమ్‌కే వెళ్తుంది. 2025 అక్టోబర్ 12న అక్కడ కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. షార్ట్ స్టే వీసా మీద వెళ్లేవాళ్లకు మొదటిసారి ఫొటో తీసి నమోదు చేస్తారు, వేలిముద్రలు వీసాకు ఇచ్చినవాటితో సరిచూస్తారు. పాత అనుభవంతో "అక్కడ పది నిమిషాల పనే" అనుకోకండి.

హీత్రోలో ఒక టెర్మినల్ నుంచి ఇంకో దానికి బస్సులో వెళ్లి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. న్యూయార్క్ జేఎఫ్‌కేలో టెర్మినళ్ల మధ్య రైలు సెక్యూరిటీ బయట ఉంటుంది. ఇలా మళ్లీ సెక్యూరిటీ ఉన్నచోట డ్యూటీఫ్రీ సీసాలు సీల్డ్ బ్యాగులో, బిల్లుతో సహా, విప్పకుండా ఉంచండి. విప్పితే చాలాచోట్ల చెత్తబుట్టలోకే.

ఎయిర్‌పోర్టే మారే టికెట్లు అన్నిటికంటే మోసం. నరితాలో దించి హనెడాలో ఎక్కమంటాయి. రెండూ టోక్యోవే, మధ్య దూరం 60 కిలోమీటర్లకు పైనే. ఇస్తాంబుల్‌లోనూ రెండున్నాయి. ఊరి పేరు చూసి ఊరుకోకుండా మూడక్షరాల కోడ్ చూడండి. దిగేది ఎన్‌ఆర్‌టీ, ఎక్కేది హెచ్‌ఎన్‌డీ అని ఉంటే మీరు జపాన్‌లోకి ప్రవేశించి రోడ్డున పడాలి. వీసా కూడా చూసుకోవాలి.

ఇక విడి టికెట్ల సంగతి. నెట్‌లో ఒకే బుకింగ్ నంబర్ కింద రెండు టికెట్లు అతికించి అమ్మేవి చాలా ఉన్నాయి. కనిపెట్టడం తేలికే. ఈ-టికెట్ నంబర్‌లో 13 అంకెలుంటాయి. మీ పేరు మీద మొదటి విమానానికి ఒక నంబర్, రెండోదానికి సంబంధం లేని ఇంకో నంబర్ ఉంటే అవి విడి టికెట్లు. ఒక టికెట్‌లో నాలుగు విమానాలే పడతాయి కాబట్టి, అంతకు మించిన ప్రయాణంలో వరస నంబర్లు వస్తే కంగారు వద్దు.

విడి టికెట్లయితే చాలాసార్లు ఇమిగ్రేషన్ దాటి, లగేజీ తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. ఇంటర్నేషనల్ కౌంటర్లు చాలావరకు గంట ముందే మూస్తారు. దిగి బయటపడటానికి గంటన్నర, కౌంటర్ క్యూకి అరగంట, మూసే గంట కలిపితే మూడు. మొదటి విమానం లేటవడానికి రెండు వదిలితే ఐదు. ఎక్కలేకపోతే రెండో ఎయిర్‌లైన్‌కు మీరు రాని ప్రయాణికుడు, అంతే.

బయల్దేరేచోట కౌంటర్‌లో రెండు బోర్డింగ్ పాస్‌లూ అడగండి. లగేజీ ట్యాగ్ మీద పెద్దక్షరాల కోడ్ చివరి ఎయిర్‌పోర్టుదేనా, అక్కడే చదవండి.

ఒకే టికెట్ మీద ఉండి విమానం తప్పేలా ఉంటే, దిగకముందే సిబ్బందికి చెప్పండి. దిగింది అమెరికాలో కాకపోతే, ఇమిగ్రేషన్ వైపు కాకుండా ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు వెళ్లండి. క్యూలో ఉండగానే ఎయిర్‌లైన్ యాప్ తెరవండి, చాలాసార్లు కొత్త విమానం వివరాలు మొదట అందులోనే కనిపిస్తాయి. కంగారులో సొంతంగా ఇంకో టికెట్ కొనుక్కుని వెళ్లిపోకండి. ఎక్కని విమానం తర్వాత ఉన్నవన్నీ, రిటర్న్‌తో సహా, రద్దయిపోవచ్చు. ముందు మాకు మెసేజ్ పెట్టండి.