డాన్స్ హాల్లోనూ క్లాసు, మాసేనా?

సంపాదకుడు గారికి,

నేను ఆర్టీసీలో గుమస్తాను. మా ఆవిడకు షుగర్ వచ్చింది. ఉత్త నడక విసుగనిపించి, రెండేళ్ల కిందట ఇద్దరం బాల్‌రూమ్ డాన్స్‌లో, అంటే ఆడా మగా జంటగా ఆడే పాశ్చాత్య డాన్సుల్లో చేరాం. మొగల్రాజపురం వైపు ఒక హాల్లో ఆదివారం సాయంత్రాలు ప్రాక్టీసు జరుగుతుంది. డాక్టర్లు, బిల్డర్లు వస్తారు. వన్‌టౌన్ బట్టల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, నర్సులు, కాలేజీ పిల్లలు కూడా వస్తారు.

ఎవరూ గీత గీయకుండానే అక్కడ రెండు జట్లు తయారయ్యాయి. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ చేసేవాళ్లు ‘క్లాస్’. సల్సా, చాచాచా చేసేవాళ్లు ‘మాస్’. ఈ మాటలు నావి కావు, అక్కడ ప్రతివారం వినపడేవే. పాట మారినప్పుడల్లా జోడీ మార్చుకోవడం ఈ డాన్సుల్లో ఒక మర్యాద. మా హాల్లో ‘క్లాస్’ వాళ్లు తమలో తామే మార్చుకుంటారు. మొన్న మా ఆవిడ వరసగా ఆరు పాటలు గోడ పక్క కుర్చీలోనే కూర్చుంది. ఒక పెద్దమనిషి దగ్గరిదాకా వచ్చి, ఆమె కాళ్ల చెప్పులు చూసి, పక్కావిడను పిలిచాడు. ఇంటికి వస్తుంటే బండి వెనక నుంచి అడిగింది, “నాకు రానిది డాన్సా, ఇంగ్లీషా?” అని. నేనేం చెప్పలేకపోయాను.

అడుగున స్వేడ్ అనే మెత్తని గరుకు తోలు ఉన్న డాన్స్ షూస్ మంచివే, కాదనను. నెల జీతగాళ్లు వాటిని మొదటి రోజే కొనలేరు.

అసలు ఏది క్లాసు? టాంగో అనే జంట డాన్సు అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ రేవు పేటల్లో, పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవాళ్ల మధ్య పెరిగింది. ఇప్పుడింత దర్జాగా కనిపించే వాల్ట్జ్‌కు మూలం ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లె జనం గిరగిరా తిరుగుతూ ఆడిన ఆటలు. 1816లో లండన్ టైమ్స్ పత్రిక దాన్ని అసభ్యమని దుమ్మెత్తిపోసింది. క్యూబాలో పుట్టిన చాచాచా అంతర్జాతీయ పోటీల్లోని పది డాన్సుల్లో వాల్ట్జ్‌తో పాటే ఉంది. పోటీలు పెట్టేవాళ్లకు లేని పట్టింపు మనకెందుకు? మన కూచిపూడినే చూడండి. ఒకప్పుడు కొన్ని కుటుంబాల మగవాళ్లే ఆడేవారు. ఇవాళ ఎవరింటి ఆడపిల్లయినా గజ్జె కడుతోంది. కూచిపూడి పేరు దేశదేశాలకూ వెళ్లింది.

ఒక ఇబ్బంది మాత్రం నిజంగానే ఉంది. వాల్ట్జ్ జంటలు గడియారం ముల్లుకు ఎదురు దిశలో హాలంతా చుట్టి వస్తాయి. సల్సా జంట ఉన్నచోటే ఆడుతుంది. రెండూ కలిస్తే భుజాలు తగులుతాయి, కాళ్లు తొక్కుకుంటారు, మాట పెరుగుతుంది. దీనికి ఉపాయం కొత్తదేం కాదు. తిరిగేవాళ్లు అంచుల్లో, నిలబడి ఆడేవాళ్లు మధ్యలో ఉండాలి. నిర్వాహకులు ఆ మాట మైకులో చెప్పాలి. గంటకు రెండు పాటలైనా అందరూ జోడీలు మార్చుకునేవి పెట్టాలి. అప్పుడు ఎవరూ గోడ పక్క మిగిలిపోరు.

కార్పొరేషన్ వారికీ ఒక విన్నపం. మూఢం రోజుల్లో కమ్యూనిటీ హాళ్లకు పెళ్లిళ్ల తాకిడి ఉండదు. వారానికి ఒక్క సాయంత్రం తక్కువ అద్దెకు ఇప్పించండి. కృష్ణలంక, అజిత్‌సింగ్‌నగర్ పిల్లలు తమ పేటలోనే నేర్చుకుంటారు. స్పీకరు నేను తెస్తాను. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి అడుగులు నేర్పడానికి మా ఆవిడ ఇప్పటికే ఒప్పుకుంది.

- ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ