ధవళేశ్వరం ప్రాజెక్టుకు ఆధారాల వెతుకులాట

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి డిగ్రీ రెండో సంవత్సరంలో చరిత్ర ప్రాజెక్టుగా ధవళేశ్వరం ఆనకట్టను ఇచ్చారనీ, గూగుల్ నిండా సమాచారమే గానీ ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో తెలియక తల పట్టుకుని కూర్చుందనీ రాశావు. నువ్వు పంపిన లింకులన్నీ ఓపికగా చదివాను. నిజానికి అమ్మాయి దగ్గర సమాచారం ఎక్కువగా ఏమీ లేదు; ఉన్నది ఒకే వ్యాసానికి రకరకాల నకళ్లు. ఏటా మే 15న, ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ జయంతికి వెలువడే వ్యాసాల్లో ఒకరు రాసిన అంకెను మరొకరు ఎత్తి రాయడమే తప్ప, ఆ అంకె మొదట ఎవరి కలం నుంచి వచ్చిందో అడిగినవారు అరుదు. పదిమందీ ఒకరి దగ్గరే విని చెబితే కోర్టు దాన్ని పది సాక్ష్యాలుగా లెక్కపెట్టదు కదా!

ఆధారం మంచిదా చెడ్డదా అన్నది దాన్ని ఏ ప్రశ్న అడుగుతున్నామన్న దానిమీద ఆధారపడుతుంది కాబట్టి, ముందు ప్రశ్నను తేల్చుకోమను. ‘ఆనకట్ట చరిత్ర’ అంటే ఇరవై పేజీల్లో ఇమిడేది కాదు. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన కట్టడం ఎలా లేచిందన్నది ఒక ప్రశ్న, దాని నీటితో మీ తాలూకాలో ఏ పంట పోయి ఏ పంట వచ్చిందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఇంజనీర్ల నివేదికలు కావాలి, రెండోదానికి రెవెన్యూ లెక్కలు కావాలి.

అమ్మాయి చిత్తుప్రతిలోనే ఉన్న ఒక వాక్యాన్ని తీసుకుందాం. ఆనకట్ట వల్ల జిల్లా జనాభా నాలుగు రెట్లు పెరిగిందని రాసింది. 1841 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా ఐదున్నర లక్షల పైచిలుకు. 1901 జనాభా లెక్కల్లో గోదావరి జిల్లా జనాభా 23 లక్షలు. రెండు అంకెలూ పాత ప్రచురణల్లో ఉన్నవే, ఎవరూ కల్పించినవి కావు. అయితే 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల హద్దులు చెరిపి గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలు చేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తెచ్చి గోదావరి జిల్లాలో కలిపారు. అంటే పోల్చిన ప్రాంతాలే ఒకటి కావు. పైగా మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) క్రమబద్ధమైన జనగణన జరిగింది 1871లో; 1841 నాటిది అటువంటి లెక్క కాదు. అంతటితోనూ ఆగలేదు: 1821లో ఏడు లక్షలు దాటిన జనాభా 1832–33 కరువు, ఆ తర్వాతి గడ్డు సంవత్సరాల వల్ల అంతగా పడిపోయింది కనుక, 1841ని మొదలుగా పెట్టుకుంటే పెరుగుదల ఎలాగూ భారీగానే కనిపిస్తుంది. ఆనకట్ట మేలు చేయలేదని నేననడం లేదు, చేసింది. కానీ ఆ మేలు ఎంతో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలవు. ఈ చిక్కును విప్పి రాస్తే చాలు, ఆమె ప్రాజెక్టులో అదే అన్నిటికంటే గట్టి అధ్యాయమవుతుంది.

ఇక పుస్తకాల సంగతి. ఆనకట్ట కావాలని వాదిస్తూ ప్రభుత్వాన్ని ఒప్పించడానికి కాటన్ స్వయంగా 1844, 1845లలో నివేదికలు రాశాడు. డెల్టా నిర్మాణాల గురించి 1896లో పుస్తకం వేసిన వాల్ష్ కూడా ఇంజనీరే. 1900లో వచ్చిన జీవితచరిత్ర కాటన్ కూతురు లేడీ హోప్ రాసింది. మోరిస్ రాసిన 1878 నాటి జిల్లా వివరణ, హెమింగ్‌వే రాసిన 1907 నాటి గెజెటీరు జిల్లా పాలనకు పనికొచ్చేలా తయారైనవి. వీటిలో ఏదీ పనికిరానిది కాదు, ఏదీ పక్షం లేనిదీ కాదు. రాతి పని ఎలా సాగిందో వాల్ష్‌ను నమ్మవచ్చు. కాటన్ స్వభావం ఎలాంటిదో కూతురు చెబితే మాత్రం కూతురి మాటగానే తీసుకోవాలి. ఆ రాళ్లు మోసిన కూలీల గొంతు వీటిలో ఎక్కడా నేరుగా వినిపించదు, కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న గురించి కూడా దొరికేది కొద్దిగానే. ఆ లోటును దాచిపెట్టకుండా ప్రాజెక్టులో రాయమను.

ఈ పాత ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే పాత స్పెల్లింగులతో వెతకాలి: కాకినాడకు కొకనాడా, ఏలూరుకు ఎల్లోర్, మచిలీపట్నానికి మసూలిపటం. గోదావరిని కూడా చివర ఈ, ఆర్, వై పెట్టి మరోసారి వెతకమను. తెలుగు పుస్తకాల స్కానులతో వేరే తంటా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు ఎక్కించారు, లోపలి అక్షరాలనేమో యంత్రం సరిగా గుర్తుపట్టదు. విషయసూచిక తెరిచి కళ్లతో వెతుక్కోవడమే మార్గం. విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలుంచే శోధగంగ వెబ్‌సైటులో పరిశోధన గ్రంథం దొరికితే మొదటి అధ్యాయం జోలికి పోకుండా, విడి ఫైలుగా పెట్టే గ్రంథసూచిని ముందు తెరవమను. ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి పోగుచేసిన దారులన్నీ అందులో ఉంటాయి. వికీపీడియాను చదవవద్దని చెప్పే అధ్యాపకుల పట్టుదల నాకు అర్థం కాదు. వ్యాసాన్ని ఉటంకించకపోతే సరిపోతుంది, అడుగున ఉన్న మూలాలను పట్టుకుని అసలు పుస్తకందాకా వెళ్లవచ్చు. చాట్‌జీపీటీ ఇచ్చే పుస్తకాల జాబితా విషయంలో మాత్రం గట్టిగా చెప్పు. పేరు, రచయిత, సంవత్సరం అన్నీ నిజంలాగే ఉండి, లోకంలో లేని పుస్తకాలు అందులో కలిసిపోతుంటాయి. గ్రంథాలయ కేటలాగులో కనబడేదాకా ఏ పేరునూ జాబితాలో చేర్చకూడదు.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి తీసుకువెళ్లు. అక్కడి పాత బీరువాల గురించి తెలిసిన సిబ్బందిని అడిగితే, కంప్యూటర్‌లో వెతికితే రానివి కూడా బయటికి వస్తాయి. మద్రాసు రాజధాని నాటి అసలు దస్తావేజులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి గానీ, డిగ్రీ ప్రాజెక్టుకు అంతదూరం పోనక్కరలేదు.

మీ నాన్నగారిని అడగాలని అమ్మాయి అనుకుంటోందని రాశావు, చాలా మంచి ఆలోచన. అయితే కాటన్ గురించి ఆయన చెప్పేది తాను విన్న కథ. 1986 ఆగస్టు వరదలో మీ ఊరి కాలువ గట్టు ఎలా ఉండేదో, వేసవిలో నీటి వంతుల దగ్గర ఎవరు ఎవరితో తగాదా పడేవారో చెబితే అది కళ్లారా చూసిన సాక్ష్యం. ఈ రెంటినీ విడివిడిగా రాసుకుని, తేదీ వేసి, ఆయన అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసుకోమను.

పుస్తకం చూసినప్పుడే ముద్రణ సంవత్సరం, పేజీ సంఖ్య నోట్సులో ఎక్కించమని చెప్పు. ఇది మా లైబ్రరీకి వచ్చే పిల్లలకు రోజూ చెప్పి విసిగిపోయిన మాట. ప్రశ్నను ఒకే వాక్యంలో రాసి, ఇంతవరకు చూసిన ఆధారాల పట్టిక జతచేసి నాకు పంపమను. వాల్ష్ పుస్తకం స్కాను నా దగ్గర ఉంది, ఆ వాక్యం అందగానే అందులో ఏ అధ్యాయాలు చదవాలో గుర్తుపెట్టి పంపిస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు