‘ఇంటర్నెట్‌ను కనిపెట్టినది ఎవరు?’ అన్న ప్రశ్నకు ఒక్క పేరు చాలదు

సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇటీవల వచ్చిన ప్రశ్నోత్తరాలలో, ఇంటర్నెట్‌ను కనిపెట్టినది ఎవరు అన్న ప్రశ్నకు టిమ్ బెర్నర్స్ లీ అని జవాబు ఇచ్చారు. పాతపట్నం దాటి ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడికి వచ్చే మీ సంచికలో ఆ పేజీని ఇక్కడి తెలుగు పిల్లలు పోటీ పరీక్షల కోసం కత్తిరించి దాచుకుంటారు కనుక ఈ సవరణ రాయవలసి వచ్చింది. బెర్నర్స్ లీ 1989లో యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రతిపాదించినది వరల్డ్ వైడ్ వెబ్. లింకులు నొక్కుతూ పేజీలు చూసే ఆ వెబ్, ఇంటర్నెట్ మీద నడిచే సేవల్లో ఒకటి. ఆయన ఆ ప్రతిపాదన రాసేనాటికే, ఇంటర్నెట్‌కు ముందరి అమెరికా కంప్యూటర్ నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్ మొదలై ఇరవై ఏళ్లు కావస్తోంది, ఆ నెట్‌వర్క్ మీద రే టామ్లిన్సన్ మొదటి ఈ-మెయిల్ పంపి పద్దెనిమిదేళ్లు అయింది.

అయితే ఆ పేరు కొట్టివేసి ఇంకో పేరు రాసినంత మాత్రాన జవాబు సరి కాదు. నేను టెలిఫోన్ శాఖలో దూరపు కాల్స్‌ను చేత్తో కలిపే ట్రంకు బోర్డు మీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇక్కడినుంచి విశాఖపట్నానికి ట్రంకు కాల్ కలిపామంటే, మాట పూర్తయ్యేదాకా ఒక లైను ఆ ఇద్దరికే దఖలు పడేది. వాళ్లు మాట్లాడుకున్నా, ఊఁ కొడుతూ ఊరుకున్నా లైను వాళ్లదే; వరసలో ఉన్న అర్జెంటు కాల్ దీపం ఎదుట వెలుగుతున్నా కలిపిన తీగ పీకి మరొకరికి ఇవ్వడానికి లేదు. కంప్యూటర్ల ధోరణికి ఈ పద్ధతి బొత్తిగా సరిపడదు. అవి ఒక్క ఉదుటున కొంత సమాచారం పంపి, ఆ తరువాత చాలాసేపు మౌనంగా ఉంటాయి.

సందేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద చిరునామా రాసి, వీలున్న దారిన పంపి, చేరినచోట మళ్లీ వరసగా కూర్చుకోవడమనే పరిష్కారానికి ఇద్దరు వేర్వేరుగా వచ్చారు. అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థకు చెందిన పాల్ బరాన్ 1960ల తొలి సంవత్సరాల్లోను, బ్రిటన్ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీలో డొనాల్డ్ డేవిస్ 1965లోను ఈ ఆలోచన చేశారు. అణుదాడిలో చాలా తీగలు తెగిపోయినా వార్త ఆగకూడదన్నది బరాన్ తపన. ఖరీదైన ఒక కంప్యూటర్‌ను దూరాన ఉన్న పలువురు ఒకేసారి వాడుకోవాలన్నది డేవిస్ అవసరం. ఇంటర్నెట్ అణుయుద్ధం కోసమే పుట్టిందని తరచుగా రాసేవారు మొదటి కారణాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. ఆర్పానెట్‌కు డబ్బు పెట్టినది అమెరికా రక్షణశాఖే అయినా, దాన్ని తలపెట్టిన బాబ్ టేలర్, కట్టించిన లారీ రాబర్ట్స్ ఉద్దేశం పరిశోధన కేంద్రాల కంప్యూటర్లను అందరూ పంచుకోవడమే. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు ‘లాగిన్’ అని పంపబోతే, ఇంగ్లిషులో మొదటి రెండు అక్షరాలు చేరేసరికి వ్యవస్థ కుప్పకూలింది. ప్రారంభోత్సవం ఆ మాత్రమే.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. తీగల మీద ఒక నెట్‌వర్క్, రేడియో మీద ఒకటి, ఉపగ్రహం మీద ఇంకొకటి తయారయ్యాయి. దేని లెక్క దానిదే. మా నౌపడ–గుణుపురం లైను నారో గేజిగా ఉన్న రోజుల్లో నౌపడలో దిగి పెద్దబండి ఎక్కవలసి వచ్చేది. బండి మారేది గాని మనిషీ మూటా మారేవి కావు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పత్రంలో చెప్పినది దాదాపు ఇదే: ఏ నెట్‌వర్కూ తన పట్టాలు పీకి మళ్లీ వేసుకోనక్కరలేదు, సరిహద్దున గేట్‌వే అనే యంత్రం ముక్కను అందుకుని అవతలి నెట్‌వర్క్‌కు తగినట్టు పంపితే చాలు. దారిలో ముక్క పోతే మధ్య యంత్రాలు పూచీ పడవు. తిరిగి పంపించుకునే బాధ్యత రెండు చివరల ఉన్న కంప్యూటర్లదే. ఈ రెండో సూత్రానికి ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ నిర్మించిన సిక్లాడ్ నెట్‌వర్క్ దారి చూపింది. మా శాఖలో నేర్చుకున్న చదువుకు ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. తెలివంతా ఎక్స్‌ఛేంజీలో ఉండాలి, చందాదారు చేతిలో ఉన్నది మొద్దు పరికరమై ఉండాలి అన్నది మా నమ్మకం. ఈనాడు మోహనా కొండదారిలో సిగ్నల్ సన్నబడినచోట ఫోనులో ఫొటో ఆగి ఆగి నిండుతున్నదంటే, రాని ముక్కల కోసం లోపల ఆ తిరిగి పంపకం జరుగుతుండడం కూడా ఒక కారణం.

ఈ పద్ధతి ఒకసారి దాదాపు చితికిపోయిందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో కనబడదు. 1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య, అంటే సుమారు 400 గజాల దూరంలో, సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఏ తీగా తెగలేదు. రద్దీలో ముక్కలు పోవడం, పోయినవాటిని ప్రతి కంప్యూటరూ వెంటవెంటనే మళ్లీ పంపడం, ఆ పంపకంతో రద్దీ ఇంకా పెరగడం, ఇదీ జరిగినది. వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించిన మందు చాలా సాదాగా ఉంటుంది. మొదట కొద్దిగా పంపాలి, అందినట్టు జవాబు వచ్చేకొద్దీ జోరు పెంచాలి, ముక్క పోయిందంటే దారి నిండిందని గ్రహించి తగ్గాలి. నడుమ ఉన్న యంత్రాలను మార్చకుండా, చివరి కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్‌ను మార్చి దీన్ని అమలు చేశారు. నా దృష్టిలో దీనికి దక్కవలసిన పేరులో పదోవంతు కూడా దక్కలేదు.

పేర్ల జాబితా సంగతి క్లుప్తంగా చెబుతాను. తొలినాళ్లలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. అది మోయలేనంత పెరిగినప్పుడు పాల్ మొకపెట్రిస్ 1983లో డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించి, ఎవరి విభాగం పేర్లు వారే చూసుకునే ఏర్పాటు చేశారు.

వీటన్నిటి నియమాలను ఎవరైనా చదువుకునేలా ప్రచురించే అలవాటును 1969 ఏప్రిల్‌లోనే స్టీవ్ క్రాకర్ ప్రారంభించారు. సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేకుండా లోకానికి వదిలింది. ఈ ధోరణి మా సరిహద్దు జనానికి ఏ మేలు చేసిందో ఇక్కడి నెట్ సెంటర్‌లో కూర్చుంటే తెలుస్తుంది. ఒకప్పుడు ఒక్కో డీటీపీ సెంటరుకు ఒక్కో ఫాంటు ఉండేది. పర్లాకిమిడిలో తెలుగులో కొట్టించిన అర్జీ శ్రీకాకుళంలో తెరిస్తే గీతలు, చుక్కలు, ఇంగ్లిషు అక్షరాల కలగాపులగంగా కనబడేది. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను ఖాయం చేస్తూ 1991లో వచ్చిన యూనికోడ్ ఒడియాకు 128 స్థానాలు, తెలుగుకు వేరుగా 128 స్థానాలు కేటాయించింది. మరుసటి ఏడు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఆ సంఖ్యలను ఫైలులో రాయడానికి రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో పాత ఇంగ్లిషు ఫైళ్లు చెడకుండానే ఆ లిపులన్నీ ఒకే పత్రంలో ఇముడుతున్నాయి. అందుకే పైన ఒడియాలోను కింద తెలుగులోను ఉన్న దరఖాస్తు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా తెరుచుకుంటున్నది. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లో ఉంటూ ఏ సవరల భాష కోసం శ్రమించారో, ఆ భాషకు 1936లో మంగేయి గొమాంగో కూర్చిన సొరంగ్ సొంపెంగ్ లిపికి కూడా 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది.

కనుక రాబోయే విద్యార్థుల పేజీలో సవరణ వేయాలని కోరుతున్నాను. ఒక్క పంక్తిలోనే జవాబు ఇవ్వవలసి ఉంటే, ముక్కలను నెట్‌వర్క్‌లు దాటించి చేర్చే టీసీపీ, ఐపీ నియమాలకు పునాది వేసినవారు సెర్ఫ్, కాన్ అని, వెబ్‌ను రూపొందించినది బెర్నర్స్ లీ అని విడివిడిగా వేయండి. ప్రశ్ననే మార్చగలిగితే మరీ మంచిది: ఆర్పానెట్ ఆ నియమాలకు మారినది ఏ తేదీన అని అడగవచ్చు. దానికి మాత్రం జవాబు ఒక్కటే ఉంది, 1983 జనవరి 1.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.